ఎక్స్-రే ఫిల్ము బాగుంది, అల్ట్రాసోనిక్ రిజెక్ట్ అంటోంది: ఈ రెండు జాయింట్లను ఏం చేయాలి?

పరకాల_సైటు

అందరికీ నమస్కారం. పరకాల వైపు ఒక నీటి పైపులైను పనిలో క్వాలిటీ విభాగంలో జూనియర్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. రెండు జాయింట్ల మీద సైటులో పెద్ద గొడవ నడుస్తోంది. సంతకం పెట్టవలసింది నేను, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

పైపు మైల్డ్ స్టీలు, మందం 16 మి.మీ. సింగిల్ వి జాయింటు, రెండు వైపులా 30 డిగ్రీల బెవెల్ (అంచు వాలు), రూట్ గ్యాప్ (అడుగున రెండు అంచుల మధ్య సందు) 2 మి.మీ., రూట్ ఫేస్ (వాలు లేకుండా నిటారుగా వదిలిన అడుగు అంచు) 2 మి.మీ. చేతి ఆర్క్ వెల్డింగు, 7018 రాడ్ (తక్కువ హైడ్రోజన్ రకం). రెండు జాయింట్లకూ ముందే ఎక్స్-రే తీశారు, ఫిల్ములు శుభ్రంగా ఉన్నాయి. ఆ తరువాత పని అప్పగించినవారు కొన్ని జాయింట్లకు అల్ట్రాసోనిక్ కూడా చేయాలన్నారు. పరీక్షకు వచ్చిన వ్యక్తి 60 డిగ్రీల ప్రోబుతో (ధ్వనిని నిలువుకు 60 డిగ్రీల వాలుగా లోహంలోకి పంపి, తిరిగొచ్చే ఎకోను అందుకునేది), 4 మెగాహెర్ట్జ్‌తో చూసి రెండింటికీ ఎర్ర గుర్తు పెట్టారు.

మొదటి జాయింటులో ఒకచోట సుమారు 40 మి.మీ. పొడవున ఎకో వస్తోంది. స్క్రీను మీద బీమ్ దారి 45 మి.మీ. అప్పుడు ప్రోబు ఇండెక్సు (బీమ్ లోహంలోకి దిగే చోటు) నుంచి వెల్డు సెంటర్ లైనుకు దూరం 43 మి.మీ. అవతలి వైపు నుంచి చూస్తే ఎకో దాదాపు లేదు. రెండో జాయింటులో ఎకో చుట్టూ చాలా చోట్ల, రెండు వైపుల నుంచీ వస్తోంది. బీమ్ దారి 67 మి.మీ., సెంటర్ లైనుకు 55 మి.మీ.

కాంట్రాక్టరు వాదన: ఫిల్ము చేతిలో పట్టుకుని చూడగల సాక్ష్యం, ఇది తెర మీద ఎగిరే గీత మాత్రమే, దీన్ని నమ్మి జాయింటు తవ్వనివ్వను. వెల్డు చేసిన పెద్దాయన మాత్రం ఏమీ అనడం లేదు, భోజనానికి కూడా మాతో కూర్చోవడం మానేశారు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

కాజీపేట_వెల్డర్

తమ్ముడూ, ముందు ఆ పెద్దాయన తరఫున ఒక మాట. రూట్ పాస్ (అడుగున వేసే మొదటి వెల్డు వరుస) వేసేటప్పుడు నేల మీద వెల్లకిలా పడుకుని, ముఖం మీద నిప్పురవ్వలు పడుతుంటే చేయి కదలకుండా పట్టుకునే మనిషి అతను. పరీక్షకు వచ్చినవారు ఎర్ర చాక్‌తో గుర్తు పెట్టి, ఒక్క మాట చెప్పకుండా వెళ్లిపోతారు. ఏ లోతులో ఉంది, ఏ వైపు ఉంది, ఏ రకం లోపం అన్నది వెల్డరుకు తెలియదు. తెలియకపోతే తరువాతి జాయింటులో ఏం సరిదిద్దుకోవాలి?

నా సలహా ఒకటే. పరీక్ష చేసిన వ్యక్తిని మళ్లీ పిలిపించండి. పెద్దాయనను పక్కన నిలబెట్టి స్క్రీను చూపించమనండి. ఎందుకు రిజెక్ట్ చేశారో పటం గీసి చెప్పగలిగితే ఒప్పుకుందాం. చెప్పలేకపోతే ఆ గుర్తుకు విలువ లేదు.

గోదావరిఖని_బాయిలర్

వెల్డరన్న చెప్పింది నిజం. రామగుండంలో బాయిలర్ జాయింట్ల దగ్గర నా ఉద్యోగమంతా గడిచింది. మంచి టెస్టరు ఎవరైనా వెల్డరుతో మాట్లాడకుండా సైటు వదిలి వెళ్లడు.

జాయింటు జోలికి వెళ్లేముందు పరీక్ష ఎలా జరిగిందో చెప్పండి. ప్లేటు అసలు మందాన్ని 0 డిగ్రీల ప్రోబుతో కొలిచారా, లేక డ్రాయింగులో ఉన్న 16నే పట్టుకున్నారా? వెల్డు పక్కన ప్లేటు మీద, బీమ్ ప్రయాణించే మేరా, లామినేషన్లు (లోహం లోపల విడిపోయిన పొరలు) ఉన్నాయేమో చూశారా? ప్లేటు మధ్యలో పొరలాంటి లోపం ఉంటే కోణపు బీమ్ అడుగుదాకా వెళ్లకుండానే మళ్లిపోతుంది. అప్పుడు లేని చోట లోపం చూపిస్తుంది, ఉన్న లోపాన్ని దాచేస్తుంది. స్పాటర్ (అంటుకున్న వెల్డింగు తుంపరలు) గ్రైండ్ చేశారా? వి1 బ్లాక్ (పరికరాన్ని సరిచూసే ఉక్కు దిమ్మ) మీద ప్రోబు కోణం సరిచూశారా?

ఇంకొక ముఖ్యమైన విషయం ఎండ. మా దగ్గర మే నెలలో ప్లేటు మీద చేయి ఆనించలేం. ప్రోబు కింద ఉండే పెర్స్‌పెక్స్ వెడ్జ్ (వాలుగా కోసిన ప్లాస్టిక్ ముక్క) వేడెక్కితే అందులో ధ్వని వేగం తగ్గుతుంది. ఉక్కులో వేగం అంతగా మారదు. దాంతో బీమ్ వంగే కోణం పెరుగుతుంది, 60 అనుకున్నది 60 ఉండదు. ఉదయం నీడలో షెడ్డులో కాలిబ్రేట్ చేసి, మధ్యాహ్నం ఎండలో పైపు మీద పెడితే లెక్కలు తప్పిపోతాయి. కాలిబ్రేషన్ బ్లాకుకూ పరీక్షించే లోహానికీ ఉష్ణోగ్రత తేడా 14 సెంటీగ్రేడ్ డిగ్రీలు దాటకూడదని ఏఎస్ఎంఈ కోడ్ (అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం నియమావళి) అంటుంది. మేము బ్లాకును కూడా పైపు పక్కనే ఎండలో పెట్టేవాళ్లం.

పరకాల_సైటు

సార్, మందం కొలిచారు, అన్ని చోట్లా 16కు అటూ ఇటూ ఉంది. 0 డిగ్రీల ప్రోబుతో రెండు పక్కలా చూసిన సంగతి రిపోర్టులో ఉంది, లామినేషన్ లేదు. గ్రైండింగ్ నేనే దగ్గరుండి చేయించాను. ఎండ గురించి మాత్రం అడగలేదు. పరీక్ష సాయంత్రం జరిగింది, బ్లాకు పైపు మీదే పెట్టి ఉంచారు. కప్లెంట్‌గా (ప్రోబుకూ లోహానికీ మధ్య గాలి లేకుండా పూసేది) గ్రీజు వాడారు.

హన్మకొండ_యూటీ

అల్ట్రాసోనిక్ పరీక్షలో లెవెల్ 2 అర్హతతో ఈ పనిలోనే ఉన్నాను. మీరు ఇచ్చిన అంకెలు చాలు, కాగితం మీద స్కేలు ప్రకారం జాయింటు అడ్డుకోత గీయండి. సగం గొడవ అక్కడే తీరుతుంది.

మొదటి జాయింటు. 60 డిగ్రీల బీమ్ 45 మి.మీ. ప్రయాణించిందంటే ఉపరితలం వెంట 45 × 0.866, అంటే 39 మి.మీ. లోతు 45 × 0.5, అంటే 22.5 మి.మీ. ప్లేటు మందమే 16 కనుక బీమ్ అడుగును తాకి, మళ్లీ పైకి వస్తుండగా ఈ ఎకో పుట్టింది. అడుగుకు వెళ్లి తిరిగి పైకి చేరడానికి మొత్తం లోతు 32. అందులోంచి 22.5 తీసేస్తే పైనుంచి 9.5 మి.మీ. లోతులో ఉంది. సెంటర్ లైను 43 దగ్గర, ఎకో 39 దగ్గర. అంటే సెంటరుకు 4 మి.మీ. ఇవతల, ప్రోబు వైపే.

ఇప్పుడు బెవెల్ గోడ ఆ లోతులో ఎక్కడ ఉంటుందో చూడండి. రూట్ గ్యాప్‌లో సగం 1 మి.మీ. రూట్ ఫేస్ 2 పోగా బెవెల్ 14 మి.మీ. లోతున మొదలవుతుంది. అక్కడి నుంచి 9.5 లోతుకు వస్తే 4.5 మి.మీ. పైకి ఎక్కినట్టు. 30 డిగ్రీల వాలుకు 4.5 × 0.577, అంటే 2.6. దానికి ఆ 1 కలిపితే 3.6 మి.మీ. ఎకో 4 దగ్గర, గోడ 3.6 దగ్గర. టేపుతో కొలిచేటప్పుడు అర మిల్లీమీటరు తేడా మామూలే. ఎకో బెవెల్ గోడ మీద కూర్చుంది. ఇది సైడ్ వాల్ లాక్ ఆఫ్ ఫ్యూజన్. కరిగిన లోహం గోడను ఆనుకుని గట్టిపడింది కానీ గోడతో కలిసిపోలేదు.

ఒకవైపు నుంచే బలంగా రావడం కూడా ఈ మాటనే బలపరుస్తోంది. బెవెల్ నిలువుకు 30 డిగ్రీలు వంగి ఉంది. అడుగు తాకి పైకి వచ్చే 60 డిగ్రీల బీమ్ సరిగ్గా దానికి లంబంగా తగులుతుంది. అద్దం మీద టార్చి సూటిగా వేస్తే వెలుగు మన కంట్లోనే పడుతుంది, అద్దాన్ని కాస్త వంచితే వెలుగు పక్క గోడ మీదికి పోతుంది. ఇక్కడా అంతే. బల్లపరుపుగా ఉన్న లోపం ప్రోబుకు ఎదురుగా ఉంటేనే మాట్లాడుతుంది.

ఎక్స్-రేలో ఎందుకు రాలేదంటే, ఫిల్ము మీద నల్లదనం రావాలంటే కిరణం దారిలో లోహం మందం తగ్గాలి. మామూలు నాణ్యతగల ఫిల్ము మందంలో 2 శాతం మార్పును చూపగలదు అనుకుంటే, 16 మి.మీ.కి అది 0.32 మి.మీ. కలవని గోడ దగ్గర సందు అందులో ఎన్నో వంతు ఉంటుంది, పైగా కిరణానికి 30 డిగ్రీలు వాలి ఉంది. కిరణం ఆ సందును అడ్డంగా దాటిపోతుంది. ఫిల్ము అబద్ధం చెప్పలేదు, అది ఆ దిశలో ఈ లోపాన్ని చూడలేదంతే.

రెండో జాయింటు సంగతి వేరు. 67 మి.మీ. దారికి ఉపరితలం వెంట 58, లోతు 33.5. 32లోంచి 33.5 తీస్తే మైనస్ 1.5. అంటే ప్లేటు పైభాగానికి ఒకటిన్నర మిల్లీమీటరు పైన. అక్కడ ఉన్నది వెల్డు క్యాప్, అంటే పైన ఉబ్బుగా ఉండే చివరి వరుస. 58లోంచి 55 తీస్తే సెంటరుకు 3 మి.మీ. అవతల. చుట్టూ రావడం, రెండు వైపుల నుంచీ రావడం కూడా క్యాప్ ఎకో లక్షణాలే. ప్రోబును ఎకో వచ్చే చోట స్థిరంగా పట్టుకుని, వేలికి గ్రీజు రాసుకుని క్యాప్ మీద ఆ చోట నొక్కండి. స్క్రీను మీద ఎకో వణికినా, కిందికి దిగినా అది క్యాప్ నుంచి వస్తున్నదే. ఈ చిన్న పని చేయకుండా రిజెక్ట్ రాయడం నాకు నచ్చలేదు, అది వెల్డరుకు అన్యాయం.

జమ్మికుంట_ఫ్యాబ్రికేషన్

లెక్క బాగుంది. కానీ మొదటి జాయింటు ఎకో ఎత్తు ఎంత? రిఫరెన్స్ గీత (బ్లాకులోని తెలిసిన రంధ్రం ఇచ్చే ఎకో ఎత్తు) కింద ఉంటే వదిలేయవచ్చు కదా. మా షాపులో అలాగే చేస్తాం. ప్రతి చిన్న గీతకూ గౌజింగ్ (వెల్డు తవ్వి తీయడం) చేయిస్తే పని ఎప్పటికి పూర్తవుతుంది?

హన్మకొండ_యూటీ

ఇక్కడే మీతో గట్టిగా విభేదిస్తాను. ఎకో ఎత్తు లోపం పరిమాణాన్ని నేరుగా చెప్పదు. లోపం ప్రోబుకు ఎంత ఎదురుగా ఉంది, దాని ముఖం నున్నగా ఉందా గరుకుగా ఉందా, ఎంత దూరంలో ఉంది, ఇవన్నీ కలిసి ఆ ఎత్తును నిర్ణయిస్తాయి. ఒక పెద్ద పగులు పక్కకు తిరిగి ఉంటే చిన్న ఎకో ఇస్తుంది. ఒక చిన్న గాలి బుడగ దగ్గరలో ఉంటే దానికంటే ఎత్తైన ఎకో ఇవ్వవచ్చు.

అందుకే ఏఎస్ఎంఈ పద్ధతిలో రిఫరెన్స్ గీతలో 20 శాతం దాటిన ప్రతి ఎకోనూ అది ఏమిటో తేలేదాకా పరిశీలించాలి. అది పగులు, లాక్ ఆఫ్ ఫ్యూజన్, అసంపూర్ణ పెనిట్రేషన్ (వెల్డు అడుగుదాకా చేరకపోవడం) అని తేలితే పొడవుతో సంబంధం లేకుండా రిజెక్ట్. స్లాగ్ (వెల్డులో చిక్కుకున్న మడ్డి) వంటి ఇతర లోపాలకే, ఎకో రిఫరెన్స్ దాటినప్పుడు, పొడవు లెక్క వస్తుంది. అదే కోడ్‌లో ప్రెషర్ వెసెల్స్‌కు చెందిన సెక్షన్ 8 ప్రకారం మందం 19 మి.మీ. వరకు ఉంటే 6 మి.మీ. దాటకూడదు. మన జాయింటులో 40 మి.మీ. ఉంది. దాన్ని స్లాగ్ అనుకున్నా నిలవదు.

పని ఆలస్యమవుతుందన్న మీ బాధ అర్థమైంది. లాక్ ఆఫ్ ఫ్యూజన్ మీద ప్రెషర్ పడి, పంపు ఆగి మొదలైనప్పుడల్లా నీటి తాకిడి తగిలి, దాని అంచు నుంచి పగులు పెరిగితే అప్పుడు అయ్యే ఆలస్యాన్ని కూడా లెక్కలో వేసుకోండి.

ఎనుమాముల_విద్యార్థిని

నమస్కారం సార్. వరంగల్‌లో మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మీరు చెప్పిన పటం గీశాను. ఒక సందేహం. అవతలి వైపు ప్రోబు పెట్టి, బీమ్ అడుగు తాకకముందే, అంటే మొదటి సగం దారిలో, కిందికి దిగుతూ ఈ గోడను తాకితే అప్పుడు కూడా సరిగ్గా లంబంగానే తగులుతుంది కదా? కాగితం మీద 90 డిగ్రీలే వస్తోంది. అలాంటప్పుడు అవతలి వైపు నుంచి ఎకో రాకపోవడం ఎలా? ఇది నిజంగా బెవెల్ గోడేనా?

హన్మకొండ_యూటీ

అమ్మా, ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా వచ్చిన ప్రశ్నల్లో ఇదే గొప్పది. మీ పటం నూటికి నూరు పాళ్లు సరైనది.

కారణం క్యాప్. 9.5 మి.మీ. లోతును మొదటి సగం దారిలో అందుకోవాలంటే ప్రోబు ఇండెక్సు ఉపరితలం వెంట 9.5 × 1.732, అంటే 16.5 మి.మీ. దూరంలో ఉండాలి. లోపం సెంటరుకు ఇవతల 3.6 దగ్గర ఉంది కనుక ఇండెక్సు సెంటరుకు అవతల సుమారు 13 మి.మీ. దగ్గర ఉండాలి. కానీ వెల్డు పైన ఒక్కో వైపు సగం వెడల్పు 9 మి.మీ. పైమాటే, క్యాప్ అంచు ఇంకాస్త ముందుకు వస్తుంది. ప్రోబు ముక్కు క్యాప్ మీదికెక్కి కూర్చుంటుంది, ఇండెక్సు అంత దగ్గరకు చేరదు. వెనక్కి జరిపితే అడుగు తాకి వచ్చే రెండో దారి మాత్రమే దొరుకుతుంది. అది ఆ గోడకు బాగా పక్కవాటుగా తగులుతుంది కాబట్టి ఎకో మళ్లిపోతుంది.

మీ ప్రశ్న వల్ల పరకాల తమ్ముడికి ఒక మంచి దారి దొరికింది. జాయింటు తవ్వకుండానే నిర్ధారించుకోవచ్చు. ఆ 40 మి.మీ. మేర, అటూ ఇటూ కొంచెం కలుపుకొని, క్యాప్‌ను ప్లేటు మట్టానికి గ్రైండ్ చేయించండి. అవతలి వైపు నుంచి ప్రోబు ఇండెక్సు సెంటరుకు 13 మి.మీ. దగ్గర పెట్టి చూడండి. బెవెల్ గోడే అయితే 19 మి.మీ. బీమ్ దారి దగ్గర పదునైన ఎకో లేవాలి. లేవకపోతే నా మాట వెనక్కి తీసుకుంటాను.

ఎనుమాముల_విద్యార్థిని

ధన్యవాదాలు సార్. ఇంకొకటి. 4 మెగాహెర్ట్జ్ ఎందుకు? ఇంకా ఎక్కువ పౌనఃపున్యం వాడితే ఇంకా చిన్న లోపాలు దొరుకుతాయి కదా?

గోదావరిఖని_బాయిలర్

దీనికి నేను చెబుతాను. ఉక్కులో అడ్డ తరంగం (షియర్ వేవ్, ఈ కోణపు ప్రోబు పంపేది) వేగం సెకనుకు దాదాపు 3,250 మీటర్లు. 4 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 0.8 మి.మీ. అవుతుంది. అందులో సగం, అంటే 0.4 మి.మీ. స్థాయి లోపం కనిపించడం మొదలవుతుందని స్థూలంగా అనుకోవచ్చు. పౌనఃపున్యం పెంచితే ఇంకా చిన్నవి దొరుకుతాయి, నిజమే. కానీ లోహపు రేణువుల దగ్గరే తరంగం చెదిరిపోవడం మొదలై, స్క్రీను అడుగంతా గడ్డి మొలిచినట్టు చిన్న గీతలతో నిండిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు వెల్డుల్లో రేణువులు పెద్దవి, అక్కడ అడ్డ తరంగంతో చాలా ఇబ్బంది. తక్కువ పౌనఃపున్యంతో నిలువు తరంగపు (లాంగిట్యూడినల్ వేవ్) కోణ ప్రోబులు వాడవలసి వస్తుంది.

ఈ విద్య వయసు కూడా తెలుసుకోమ్మా. ధ్వని తరంగాలతో లోహంలో లోపాలు వెతకవచ్చని లెనిన్‌గ్రాడ్‌లో సోకొలోవ్ 1928లో ప్రతిపాదించారు. ఒక వైపు పంపి అవతలి వైపు అందుకునే పద్ధతి అది. ఒకే వైపు నుంచి పంపి, తిరిగొచ్చిన ఎకోను అందుకునే పరికరానికి మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఫైర్‌స్టోన్ 1940లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. ఇవాళ మనం చేతిలో పట్టుకునే పెట్టెలు ఆ రెండో దారి నుంచి వచ్చినవే.

కాజీపేట_వెల్డర్

ఇప్పుడు నాకు ఒకటి తేల్చి చెప్పండి. ఎక్స్-రే ఇక పనికిరానిదేనా? మా దగ్గర ఇన్నాళ్లూ ఫిల్ము పాసైతే ఆ రోజు గర్వంగా ఇంటికి వెళ్లేవాళ్లం.

గోదావరిఖని_బాయిలర్

ఆ గర్వం తప్పు కాదు. గాలి బుడగలు, స్లాగ్, రూట్ లోపలికి పీల్చుకుపోవడం, ఇలాంటి మందం ఉన్న లోపాలకు ఫిల్ము చాలా మంచిది. పలుచని గొట్టాలకూ అదే మేలు. కానీ రేడియో ధార్మిక మూలంతో పని. ఇరిడియం-192 తెస్తే అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం తాడు కట్టి అందరినీ దూరంగా పంపాలి, అందుకే తరచుగా రాత్రిపూట తీస్తారు. అల్ట్రాసోనిక్‌కు ఆ బెడద లేదు, పక్కన పని సాగుతుండగానే చేసుకోవచ్చు. అన్నిటికన్నా ప్రమాదకరమైన పగులు, ఫ్యూజన్ లేకపోవడం వంటి బల్లపరుపు లోపాలను పట్టడంలో దానిదే పైచేయి. అయితే అది చేసే మనిషి నైపుణ్యం మీద ఆధారపడుతుంది. వెల్డు ఎలా వేశారో, బెవెల్ ఎంతో తెలియని మనిషి చేతిలో ఆ పెట్టెకు విలువ లేదు.

పట్టాల_మనిషి

రైలు పట్టాల పని చేసేవాణ్ణి, నాలుగు మాటలు చెబుతాను. మా దగ్గర ఎక్స్-రే ప్రశ్నే రాదు, మైళ్ల కొద్దీ పట్టాకు ఫిల్ము ఎవరు తీస్తారు? కాజీపేట నుంచి పెద్దపల్లి, మంచిర్యాల మీదుగా బల్లార్షా వైపు వెళ్లే దారిలో గూడ్సు బండ్ల బరువు ఎంతో మీకు తెలుసు. పట్టా మీద తోసుకుంటూ వెళ్లే పరీక్ష బండిలో 0 డిగ్రీలు, 70 డిగ్రీల ప్రోబులు ఉంటాయి. కప్లెంట్‌గా నీళ్లు కారుతూ ఉంటాయి. థర్మిట్ వెల్డులకు (కరిగిన ఇనుము పోసి పట్టాలను కలిపే జాయింట్లకు) విడిగా చేతి ప్రోబుతో పరీక్ష ఉంటుంది. లక్నోలోని ఆర్‌డీఎస్‌ఓ (రైల్వే పరిశోధన, ప్రమాణాల సంస్థ) మాన్యువల్ ప్రకారం దొరికిన లోపాన్ని వర్గీకరిస్తారు. కొన్ని వెంటనే తీసేయవలసినవి, కొన్ని గమనిస్తూ ఉండవలసినవి.

చలికాలం తెల్లవారుజామున మాకు గుండె దడ. పొడవాటి వెల్డు పట్టా చలికి కుంచించుకుపోవాలని చూస్తుంది, కుంచించుకోలేక లాగుడు పెరుగుతుంది. వేసవిలో ఊరకే ఉన్న చిన్న లోపం అప్పుడు తెగుతుంది. అందుకే లోపం ఉందని తెలిసి వదిలేయడం అన్న మాట నాకు మింగుడుపడదు. పరకాల తమ్ముడూ, సంతకం మీది. కాంట్రాక్టరు తొందర మీది కాదు.

పరకాల_సైటు

అందరికీ కృతజ్ఞతలు. జరిగింది చెబుతాను.

పరీక్ష చేసిన వ్యక్తిని మళ్లీ పిలిపించాం. మీ లెక్కలు కాగితం మీద గీసి ఆయన ముందు పెట్టాను. ముందు రెండో జాయింటు. వేలికి గ్రీజు రాసి క్యాప్ మీద నొక్కగానే ఎకో దిగిపోయింది. ఒకచోట క్యాప్ గ్రైండ్ చేసి చూస్తే అసలు లేకుండా పోయింది. ఆ జాయింటును అంగీకరించి రిపోర్టు మార్చి రాశారు.

మొదటి జాయింటులో క్యాప్ మట్టంగా గ్రైండ్ చేయించి అవతలి వైపు ప్రోబు పెట్టాం. 13 మి.మీ. దగ్గర పెట్టేసరికి 19 దగ్గర ఎకో నిటారుగా లేచింది. వెల్డు చేసిన పెద్దాయన నా భుజం పక్కనే ఉన్నారు. స్క్రీను చూశాక ఆయనే గ్రైండరు తీసుకున్నారు. కొంచెం కొంచెంగా తీస్తూ వెళ్లగా తొమ్మిది, పది మిల్లీమీటర్ల మధ్య లోతులో గోడ వెంట సన్నని నల్ల గీత బయటపడింది. డై పెనిట్రెంట్ (పగుళ్లలోకి ఇంకే ఎర్ర రంగు ద్రవం) వేస్తే ఎర్రగా పొడవునా కనిపించింది. కాంట్రాక్టరు కూడా వంగి చూశారు, ఆ తరువాత వాదన లేదు.

ఇప్పుడు అడగవలసింది, ఎందుకు అలా జరిగిందన్నది. మిగతా జాయింట్లలో రాకుండా చూడాలి.

కాజీపేట_వెల్డర్

ఆ గీత పైపు చుట్టూ ఏ స్థానంలో ఉంది? కింది సగంలోనా?

పరకాల_సైటు

అవునన్నా, గడియారం ముల్లు లెక్కలో చెప్పాలంటే ఐదు దగ్గర. ఆ వైపు పైపు అంచు సైటులోనే గ్యాస్‌తో కోసినది.

కాజీపేట_వెల్డర్

అయితే రెండు విషయాలు చూడండి. గ్యాస్ కోత తరువాత బెవెల్‌ను మెరిసే లోహం వచ్చేదాకా గ్రైండ్ చేశారా? నల్లని పొర మిగిలితే దాని మీద లోహం పట్టదు. కోత సరిగా రాక ఆ చోట బెవెల్ 30 కంటే నిటారుగా ఉండి ఉంటే రాడ్ కొన గోడ దాకా వెళ్లదు, ఆర్కు మధ్యలోనే లోహాన్ని కరిగిస్తుంది. గేజ్‌తో కొలవండి. మిగతా పైపుల అంచులు కూడా వెల్డు మొదలుపెట్టకముందే కొలవండి.

రెండోది, గుంటలో వంగి చేసే చోట చేయి తిప్పడానికి జాగా ఉందా? పైపు కింద మట్టి ఇంకొక అడుగు తవ్విస్తే వెల్డరు రాడ్‌ను సరైన కోణంలో పట్టుకోగలడు. ఈ ఖర్చుకు వెనుకాడి తరువాత గౌజింగ్‌కు డబ్బు పోస్తారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. లోపం వెల్డరు పేరున రాస్తారు, గుంట ఇరుకు ఎవరి పేరునా రాయరు.

రాడ్లు కూడా చూడండి. వానలు మొదలయ్యాయి. 7018ను 300 నుంచి 350 డిగ్రీల దగ్గర బేక్ చేసి, ఆ తరువాత వేడి పెట్టెలోనే ఉంచి ఒక్కొక్కటిగా తీయాలి. పొద్దున విప్పిన ప్యాకెట్టును సాయంత్రం దాకా గట్టు మీద వదిలేస్తే తేమ పీల్చుకుంటుంది.

హన్మకొండ_యూటీ

తేమ మాట వచ్చింది కనుక ఒక ముఖ్య విషయం. తేమ నుంచి వచ్చే హైడ్రోజన్ వల్ల పగుళ్లు వెంటనే రావు, వెల్డు చల్లారాక గంటల తరువాత వస్తాయి. అధిక బలం ఉన్న ఉక్కు, మందపాటి ప్లేట్లు అయితే 48 గంటలు ఆగి పరీక్షించమని అందుకే అంటారు. మీ 16 మి.మీ. మైల్డ్ స్టీలుకు ఆ భయం తక్కువ, అయినా వెల్డు చేసిన వెంటనే వేడి మీద పరీక్ష చేయించకండి, వెడ్జ్ సంగతి బాయిలర్ సార్ చెప్పారు కదా.

రిపేరు చేశాక పాత చోటు మాత్రమే చూస్తే చాలదు, రెండు చివర్లా కొంత అదనంగా చూడాలి. 60తో పాటు 70 డిగ్రీల ప్రోబు కూడా వాడండి. క్యాప్ మట్టంగా చేస్తే రెండు వైపుల నుంచీ మొదటి దారిలోనూ చూడవచ్చు. రిపోర్టులో ఎకో ఎత్తు ఒక్కటే కాక బీమ్ దారి, ఇండెక్సు నుంచి సెంటరుకు దూరం, ఏ వైపు నుంచి చూశారు, అడ్డుకోత పటం, ఇవన్నీ ఉండాలని పట్టుబట్టండి. అవి లేని రిపోర్టును మీరు తిప్పి పంపవచ్చు, ఆ హక్కు మీకు ఉంది.

జమ్మికుంట_ఫ్యాబ్రికేషన్

పైన నేను రాసిన దాని మీద ఆలోచించాను. ఎత్తు ఒక్కదాన్నే చూడకూడదన్నది ఒప్పుకుంటున్నాను. మా షాపులో రిపోర్టు ఫారం మార్చే పని చేపడతాను. పటం గీసే కాలమ్ ఎంత పెద్దదిగా ఉండాలో ఎవరైనా నమూనా పంపగలరా?

హన్మకొండ_యూటీ

సగం పేజీ ఉంచండి. వెల్డు అడ్డుకోత ఒకటి, పైనుంచి చూసినట్టు ఒకటి. పైపు అయితే గడియారం స్థానం తప్పకుండా రాయాలి.

పరకాల_సైటు

రిపేరు పూర్తయింది. పెద్దాయనే చేశారు. గుంట వెడల్పు చేయించాం. 60, 70 రెండు ప్రోబులతో రెండు వైపుల నుంచీ చూశాం, ఎకో లేదు, సంతకం పెట్టాను. సైటులో కోసిన అంచుల్లో కొన్ని నిజంగానే నిటారుగా ఉన్నాయి, వాటిని వెల్డుకు ముందే సరిచేస్తున్నారు. వెల్డర్లకు స్క్రీను చూపించిన తరువాతే గుర్తు పెట్టాలని పరీక్ష సంస్థకు రాతపూర్వకంగా చెప్పాం.

చివరిగా ఒక ప్రశ్న. వచ్చే వారం 6 మి.మీ. మందం ఉన్న బ్రాంచి పైపుల జాయింట్లు మొదలవుతాయి. వాటికి కూడా ఇదే పద్ధతి సరిపోతుందా?

హన్మకొండ_యూటీ

సరిపోదు. వెల్డుల అల్ట్రాసోనిక్‌కు వాడే ఐఎస్ఓ 17640 ప్రమాణం 8 మి.మీ., ఆపై మందాలకు వర్తిస్తుంది. 6 మి.మీ.లో రూట్ ఎకో, క్యాప్ ఎకో, లోపం ఎకో ఒకదాని మీద ఒకటి పడతాయి, మామూలు ప్రోబుతో విడదీయడం కష్టం. వాటికి ఫిల్మే తీయించండి. ఇంకా అనుమానం ఉన్న చోట ఫేజ్డ్ అర్రే పరికరం (ఒకే ప్రోబుతో బీమ్‌ను అనేక కోణాల్లో తిప్పగల అల్ట్రాసోనిక్ పరికరం), దానికి తగిన శిక్షణ ఉన్న మనిషి దొరికితే చేయించండి. అంచుల గేజ్ కొలతలు మాత్రం 6 మి.మీ.కి కూడా ఆపకండి.